గురుగ్రహము చెంతకు జూనో

రాత్రివేళ ఆకాశమున, ఇతర నక్షత్రములవలె మినుకుమినుకుమనక, నిలుకడయైన తెల్లని కాంతితో వెలుగు పెద్ద చుక్క నొకదానిని మీరందఱును చూచియే యుందురు. అది నక్షత్రము కాదు, గురుగ్రహము. మన పంచాంగకర్తలకు అది చిరపరిచితము. సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు దానికి పండ్రెండేండ్లకు కొంచెము తక్కువ కాలము పట్టును. అందుచేతనే ఏటి కొక రాశి చొప్పున అది కదలుచున్నట్లు మనకు కనబడుచున్నది. అది ఏ రాశిలో ప్రవేశించినపుడు ఏ నదికి పుష్కరమో మన పెద్దలు నిర్ణయించియున్నారు. అది కన్యారాశిలో ప్రవేశించిన సందర్భమున 2016వ సంవత్సరము ఆగష్టు నెలలో కృష్ణానదికి పుష్కరములు జరిగినవి.

ఆ పుష్కరములకు ఐదువారములు ముందుగా, 2016 జూలై 5వ తేదీ ఉదయమున, మానవులు నిర్మించిన ఒక నౌక ఐదేండ్లు ప్రయాణము చేసి ఆ గురుగ్రహము చెంతకు చేరెను. దాని పేరు జూనో. అమెరికా దేశపు నాసా సంస్థవారు దానిని పంపిరి. ఆ నౌక గమ్యము చేరిన వృత్తాంతమును నేను నా యింటనే కూర్చుండి, అమెరికానుండి వచ్చుచున్న ప్రసారముద్వారా నిమిషనిమిషమునకు అనుసరించితిని. అపుడు నాకు తోచిన ఒక విషయమును, దానికి ఆధారమైన శాస్త్రమును నేడు మీకు విన్నవింపగోరుచున్నాను.

ఆ విషయమేమన, ఆ ఉదయమున “ఇదిగో, ఇప్పుడు జరుగుచున్నది” అని మేము విన్నదంతయు అప్పటికే జరిగిపోయినది. నౌక నిలిచినదో, నశించినదో నిర్ణయమైన పిమ్మటగాని కథయొక్క ఆరంభమైనను మా చెవిని పడలేదు. ఇది ఎట్లు సంభవించునో తెలిసికొనుటకు ముందుగా ఆ గ్రహమును గూర్చియు, ఆ నౌకను గూర్చియు కొంత చెప్పవలసియున్నది.

గురుగ్రహము మన భూమివంటిది కాదు. భూమివంటి గోళములను పదునొకండింటిని వరుసగా పేర్చినచో దాని అడ్డుకొలతకు సరిపోవును. ద్రవ్యరాశిలో అది భూమికి 318 రెట్లు. కాలు మోపుటకు దానిపై గట్టినేల లేదు. హైడ్రోజను, హీలియము అను వాయువులే దానిలో ముఖ్యపదార్థములు. అంతటి గోళమును పది గంటలు నిండకమునుపే తనచుట్టు తాను ఒకసారి తిరిగివచ్చును. దూరదర్శినిలో దానిమీద మనకు కనబడు చారలన్నియు మేఘముల పైపొరలే. ఆ మేఘముల క్రింద నేమున్నది? నడిబొడ్డున గట్టిముద్ద యేదైన కలదా? పైని వీచు గాలులు ఎంత లోతువఱకు వ్యాపించియున్నవి? అందు నీరెంత? సూర్యుడు పుట్టిన పిమ్మట మిగిలిన పదార్థములో అధికభాగము ఈ గ్రహమే స్వీకరించినది. కావున దాని పుట్టుక తెలిసినచో మన భూమి పుట్టుకయు కొంత తెలియును.

నౌకకు పెట్టిన పేరులోనే ఈ ప్రయోజనము ఇమిడియున్నది. పాశ్చాత్యులు గురుగ్రహమును జూపిటరు అందురు. రోమనుల పురాణములలో జూపిటరు దేవతలకు రాజు. జూనో అతని పత్ని. జూపిటరు తన చేష్టలు కనబడకుండుటకు మేఘములను తెఱగా కప్పుకొనగా, జూనో ఆ మేఘములగుండ చూచి అతని గుట్టు తెలిసికొన్నదని యొక కథ. మేఘములగుండ చూచుటకే పోవు నౌకకు ఇంతకంటె తగిన పేరు దొరకదు.

గురుని చూడబోయిన నౌకలలో జూనో మొదటిది కాదు. 1973వ సంవత్సరమున పయొనీరు 10 అను నౌకయు, 1979లో వాయేజరు నౌకలు రెండును గురుని ప్రక్కగా పోయినవి. అవి దారిన పోవు బాటసారులవంటివి. ఒకసారి తేఱిపాఱజూచి ముందునకు సాగినవి. గురుని చుట్టు తిరుగుచు అక్కడనే నిలిచిన మొదటి నౌక గెలీలియో. అది 1995 డిసెంబరు 7వ తేదీన అక్కడకు చేరి, 2003వఱకు పనిచేసెను. అట్లు నిలిచినవానిలో రెండవది జూనో.

జూనో నౌక 2011 ఆగష్టు 5వ తేదీన ఫ్లారిడా రాష్ట్రములోని కేప్ కెనవరెల్ నుండి బయలుదేరెను. ఆనాటి దాని బరువు సుమారు 3,600 కిలోగ్రాములు. అంత బరువును తిన్నగా గురుగ్రహమునకు విసరుటకు దానిని మోసిన రాకెట్టుబలము చాలదు. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. పొలములో పిట్టలను తోలువాడు వడిసెలలో రాయి పెట్టి గిరగిర త్రిప్పి విడుచును కదా! చేతితో విసరిన రాతికంటె ఆ రాయి ఎంతో దూరము పోవును. అట్లే జూనో రెండేండ్లపాటు సూర్యుని చుట్టి, 2013 అక్టోబరు 9వ తేదీన మఱల భూమివద్దకే వచ్చెను. దక్షిణాఫ్రికా ప్రాంతమున 559 కిలోమీటర్ల ఎత్తున భూమిని రాచుకొన్నట్లుగా దాటిపోయెను. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగముతో సూర్యుని చుట్టు పరుగిడుచున్నది. ఆ పరుగులో రవంత నౌక పుచ్చుకొన్నది. ఇంధనము ఖర్చు కాకుండగనే దాని వేగము సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా పెరిగెను. భూమికి ఇందువలన తగ్గిన వేగము ఏ సాధనముతోను కొలువరానంత స్వల్పము.

ఆనాటి ముచ్చట ఒకటి రేడియో శ్రోతలైన మీకు ప్రత్యేకముగా చెప్పవలసినది కలదు. వినోదముకొఱకు స్వంతముగా రేడియో ప్రసారములు చేసికొను ఔత్సాహికులు లోకమందంతట కలరు. నౌక భూమివద్దకు వచ్చునపుడు దానిని పలుకరింపుడని నాసావారు వీరిని ఆహ్వానించిరి. వెయ్యిమందికి పైగా ఔత్సాహికులు, అంటార్కిటికా ఖండమున నున్నవారితో సహా, తంతివార్తల చుక్కగీతల భాషలో “హాయ్” అను పలుకరింపును ఏకకాలమున పంపిరి. ఒక్కొక్క చుక్కను అర నిమిషముపాటు సాగదీసి పంపిరి. నౌకలోని రేడియోతరంగముల పరికరము దానిని గ్రహించెను. గురుగ్రహమునుండి వెలువడు రేడియో ధ్వనులను వినుటకై చేసిన చెవియే అది. గురుగ్రహము రేడియోధ్వనులు పుట్టించుచున్నదని 1955లో బర్క్, ఫ్రాంక్లిన్ అను అమెరికా శాస్త్రజ్ఞు లిద్దఱు కనుగొనిరి. ఆ ధ్వనులు పొట్టి తరంగములలో భూమివఱకు వచ్చును.

నౌక నిర్మాణములో చెప్పుకొనదగినవి రెండు కలవు. మొదటిది దాని రెక్కలు. సూర్యకాంతిని విద్యుత్తుగా మార్చు ఫలకములను కూర్చి, ఒక్కొక్కటి సుమారు 9 మీటర్ల పొడవు గల రెక్కలు మూడు దానికి అమర్చిరి. గురుని చెంత సూర్యకాంతి మనకు వచ్చు కాంతిలో ఇరువదియైదవ వంతు మాత్రమే. ఆ రెక్కలన్నియు కలిసి అక్కడ పుట్టింపగల విద్యుత్తు సుమారు 500 వాట్లు. మన యిండ్లలో ఒక ఇస్త్రీపెట్టెకు కూడ అది చాలదు. అంతతోనే నౌక సంసారమంతయు గడువవలెను. సూర్యకాంతినే నమ్ముకొని అంతదూరము పోయిన నౌక అంతకుమున్ను మఱియొకటి లేదు. రెండవది దాని కవచము. గురుగ్రహముచుట్టు మిక్కిలి వేగము గల విద్యుత్కణములు దట్టముగా క్రమ్ముకొని యున్నవి. అవి తగిలినచో కంప్యూటరు చెడిపోవును. కాబట్టి నౌక మెదడునంతను, ఒక సెంటిమీటరు మందము గల టైటానియము రేకుతో చేసిన పెట్టెలో భద్రపఱచిరి.

ఇక ముఖ్యవిషయమునకు వచ్చెదను. ఇంతదూరము పోవుట కష్టమని మన మనుకొందుము. నిజమునకు పోవుటకంటె నిలుచుట కష్టము. గురుని ఆకర్షణము అపారమైనది. దగ్గఱకు వచ్చినకొలది నౌకను అది తనవైపునకు లాగికొనును. నౌక వేగము పెరుగును. మేఘములకు నాలుగైదువేల కిలోమీటర్ల ఎత్తున పోవునప్పటికి దాని వేగము సెకనుకు 57 కిలోమీటర్లకు మించెను. అనగా మద్రాసునుండి బెజవాడకు ఏడెనిమిది సెకనులలో పోవు వేగము. అట్టి వేగముతో వచ్చినది అదే వేగముతో ఆవలికి దాటిపోవును. నిలుపుటకు అక్కడ పట్టాలు లేవు, బ్రేకులు లేవు. నౌక తన ఇంజనును తాను పోవు దిక్కునకు ఎదురుగా మండించి, సరియైన చోట, సరియైన క్షణమున, సరియైనంతసేపు వేగమును తగ్గించుకొనవలెను. తగ్గించుకొనవలసిన వేగము సెకనుకు 542 మీటర్లు మాత్రమే. మొత్తములో నూటికి ఒక వంతు. అందుకు కావలసిన కాలము 35 నిమిషములు. ఆ 35 నిమిషములలో ఇంజను వెలుగకున్నను, మధ్యలో ఆఱిపోయినను, ఐదేండ్ల ప్రయాణమును, 110 కోట్ల డాలర్ల వ్యయమును వృథాయై, నౌక గురుని దాటి సూర్యునిచుట్టు ఊరక తిరుగుచుండును.

ఇవి ఊహలో పుట్టిన భయములు కావు. 1993లో అమెరికావారి మార్స్ అబ్జర్వరు అను నౌక అంగారకుని చేరుటకు మూడుదినములముందు మూగవోయి మఱి పలుకలేదు. 2010లో జపానువారి అకాట్సుకి నౌక శుక్రుని చెంతకు చేరియు, ఇంజను నడుమ నిలిచిపోవుటచే ఆ గ్రహమును దాటిపోయెను. జపానువారు ఓపికతో ఐదేండ్లు వేచి, చిన్న ఇంజనులతోనే 2015లో దానిని మఱల శుక్రునిచుట్టు నిలిపిరి. మన శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయానము అంగారకుని చేరునపుడును ఇదియే భయము. దాదాపు పదినెలలు నిద్రించిన దాని పెద్ద ఇంజను మఱల వెలుగునా యని రెండుదినములముందు నాలుగు సెకనులపాటు వెలిగించి చూచిరి. 2014 సెప్టెంబరు 24న అది జయప్రదముగా అంగారకుని కక్ష్యలో నిలిచెను.

ఇంజను చెడుచున్నదని తెలిసినచో భూమిమీది నిపుణులు వెంటనే సరిచేయరాదా యని మీరడుగవచ్చును. సరిచేయలేరు. ఏలయన వారికి తెలియుటకే కాలము పట్టును. ఏటికి ఆవలిగట్టున చాకలి బట్టలు ఉదుకుచుండగా ఈవలిగట్టునుండి చూచితిరేని, బట్ట బండమీద పడినపిమ్మట కొంతసేపటికిగాని చప్పుడు వినబడదు. ధ్వని ఏఱు దాటి రావలెను కదా! వెలుగును అట్టిదే, రేడియో తరంగమును అట్టిదే. వాని వేగము సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. మన భూమిమీది దూరములకు అది కనుఱెప్పపాటు. కాని ఆనాడు గురునికిని మనకును గల దూరము 86 కోట్ల 90 లక్షల కిలోమీటర్లు. అంతదూరమును దాటి వచ్చుటకు రేడియో తరంగమునకు పట్టిన కాలము 48 నిమిషముల 19 సెకనులు.

వెలుగునకు ప్రయాణకాలము కలదను సంగతిని లోకమునకు మొదట తెలిపినది కూడ ఈ గురుగ్రహమే. 1610 జనవరిలో గెలీలియో తన దూరదర్శినితో గురుని చూచి, దానిచుట్టు తిరుగుచున్న నాలుగు చంద్రులను కనుగొనెను. వానిలో లోపలిది అయో. అది నలువదిరెండున్నర గంటల కొకసారి గురుని చుట్టివచ్చును. ప్రతిసారియు గురుని నీడలో మునిగి తేలును. ఈ గ్రహణములు గడియారమువలె క్రమముగా జరుగవలెను. కాని భూమి గురునినుండి దూరమగు మాసములలో అవి ఆలస్యముగాను, దగ్గఱయగు మాసములలో ముందుగాను కనబడుచుండెను. పారిస్ నగరమున పనిచేయుచున్న రోమర్ అను డెన్మార్కు దేశీయుడు దీనికి కారణమును ఊహించెను. గ్రహణము తప్పుట లేదు. గ్రహణవార్తను మోసికొనివచ్చు వెలుగు ఎక్కువదూరము నడువవలసివచ్చుచున్నది. 1676 నవంబరు 9న జరుగు గ్రహణము లెక్కకంటె పది నిమిషములు ఆలస్యముగా కనబడునని ఆయన ముందుగానే ప్రకటించెను. అది అట్లే కనబడెను. గురునినుండి వార్త ఆలస్యముగా వచ్చునను సత్యమును ఆ గ్రహపు చంద్రుడే మనకు నేర్పినాడన్నమాట.

పూర్వము మన కోస్తాజిల్లాలనుండి రంగూనునకు పనికై పోయినవారు ఇంటికి జాబులు వ్రాయుచుండిరి. “నాకు జ్వరముగా నున్నది” అను జాబు అందునప్పటికి ఆ మనిషికి నెమ్మదించి పనిలోనికైనను పోయియుండును; లేదా ఆ జ్వరముతోనే మరణించియైన నుండును. జాబు చదివి తల్లి పడు ఆరాటమంతయు, ఏనాడో తీర్పు చెప్పబడిన వ్యవహారమును గూర్చిన ఆరాటమే. జూనో విషయమున భూమిమీదివారి స్థితియు అట్టిదే.

కాబట్టి వారు చేయగలిగినదంతయు ముందుగానే చేయవలెను. జూన్ 30వ తేదీన ఆఖరి ఆజ్ఞలు పంపి, నౌకను దాని బుద్ధికి దానిని విడిచిపెట్టిరి. అంతకుముందే పరికరములన్నిటిని నిద్రపుచ్చిరి. చిత్రములు తీయు కెమెరాను సైతము కట్టివేసిరి. గురుగ్రహమును మొదటిసారి అంత సమీపమునుండి చూచు క్షణమున నౌక కన్నులు మూసికొనియే యుండవలెను. ఏ పరికరమువలనను ఏ చిక్కును రాకుండుటకు అది అవసరము. ఇంజను మండునప్పుడు నౌక అటునిటు ఊగకుండ, బొంగరమువలె నిమిషమునకు ఐదుసార్లు గిరగిర తిరుగవలెను. అంతసేపును దాని రెక్కలు సూర్యునికి పెడగా నుండును. కాబట్టి బ్యాటరీలమీదనే బ్రదుకవలెను. పని ముగిసిన పిమ్మట తానే మఱల సూర్యునివైపు తిరుగవలెను. ఇవన్నియు వ్రాసి పంపిన పాఠములు. పరీక్ష వ్రాయవలసినది నౌక యొక్కటియే.

జూలై 4వ తేదీ సాయంకాలమున మేఘముల సందునుండి పడమటిదిక్కున గురుని చూచితిని. మఱునాటి ఉదయము ఎనిమిది గంటలకు నేను కంప్యూటరు తెఱయెదుట కూర్చుండునప్పటికి అతడు మన ఆకాశమున ఇంకను ఉదయింపలేదు. ఆ సమయమున అమెరికాలో ముందుదినపు రాత్రి. కాలిఫోర్నియాలోని పాసడీనా నగరమున, జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ అను సంస్థయొక్క గదిలో, నౌకను నడుపువారందఱు చెవులకు వినికిడి సాధనములు తగిలించుకొని కూర్చుండిరి. గోల్డ్‌స్టోన్‌లోను, ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలోను గల పెద్ద గిన్నెలవంటి ఆంటెన్నాలు గురునివైపు చూచుచుండెను.

ఆ యుదయమున మన గడియారముల ప్రకారము జరిగిన క్రమమును చెప్పెదను. కొంచెము శ్రద్ధగా వినుడు. ఎనిమిది గంటలకు గురుని చెంత ఇంజను వెలిగెను. ఎనిమిదిగంటల ముప్పదియైదు నిమిషములకు అది ఆఱెను. ఇంజను వెలిగినదను వార్త భూమికి చేరినది ఎనిమిదిగంటల నలువదియెనిమిది నిమిషములకు. అనగా ఆరంభమైనదని మేము వినునప్పటికి పని ముగిసి పదుమూడు నిమిషములైనది. ఆ పదుమూడు నిమిషములును నాకు విచిత్రముగా తోచినవి. నౌక బ్రదికినదో లేదో అప్పటికే నిశ్చయమైనది. కాని ఆ నిశ్చయము భూమిమీద ఎవరికిని తెలియదు. తెలిసికొనుటకు ఉపాయమును లేదు. వార్త ఆకాశమున ప్రయాణము చేయుచునే యున్నది.

ఆ వార్తయైనను మాటలతో కూడినది కాదు, చిత్రములతో కూడినది కాదు. ఇంజను మండునప్పుడు నౌకయొక్క పెద్ద ఆంటెన్నా భూమివైపు చూడదు. అందుచేత అది చిన్న ఆంటెన్నాతో ఒంటి స్వరములను మాత్రము పంపుచుండెను. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క అర్థమును ముందుగా నిర్ణయించుకొనిరి. మఱియొక ఆధారము కూడ కలదు. ఎదురుగా వచ్చు రైలుబండి కూత మనలను దాటిపోవునపుడు స్థాయి మాఱును గదా! అట్లే నౌక వేగము మాఱినకొలది దాని రేడియో స్వరమును మాఱుచుండును. ఆ మార్పును కొలిచి, వేగము లెక్కప్రకారము తగ్గుచున్నదని నిపుణులు చెప్పుచుండిరి. ముప్పదియైదు నిమిషములపాటు తెఱమీద నాకు కనబడినవి ఆ మనుష్యుల ముఖములు, అంకెలు మాత్రమే. మధ్యమధ్య “ఇంజను మండుచున్నది” అని ఒకరు చెప్పుదురు, మఱల నిశ్శబ్దము.

మన తొమ్మిదిగంటల ఇరువదిమూడు నిమిషములకు ఇంజను ఆఱినదను స్వరము వచ్చెను. అనుకొన్న కాలమునకును జరిగిన కాలమునకును ఒక్క సెకను మాత్రమే భేదము. గదిలోనివారందఱు లేచి చప్పట్లు కొట్టిరి, ఒకరినొకరు కౌగిలించుకొనిరి. పిమ్మట విలేఖరుల సభలో, ఈ కార్యమును నడిపించిన రిక్ నైబాకెన్ గారు కొన్ని కాగితములను చూపిరి. నౌక నశించినచో లోకమునకు ఏమి చెప్పవలెనో ముందుగా వ్రాసికొన్న కాగితములవి. వానిని అందఱియెదుట చించివైచిరి. ఆయన ముఖమున నున్న సంతోషముకంటె ఆ కాగితములే నన్ను ఎక్కువగా ఆకర్షించినవి. అపజయమునకు కూడ మాటలు సిద్ధము చేసికొని వచ్చిన మనుష్యులు వారు. అట్టివారి విజయమున గర్వమునకు తావు తక్కువ.

అదేనాడు ఒక చలనచిత్రమును కూడ చూపిరి. జూన్ 12 మొదలు 29వఱకు, కెమెరాను నిద్రపుచ్చుటకు ముందు, నౌక దూరమునుండి తీసిన చిత్రములను వరుసగా కూర్చిరి. నడుమ గురుడు, ఇరుప్రక్కల నాలుగు చంద్రులు ఉయ్యాలలూగినట్లు తిరుగుచుండిరి. గెలీలియో ప్రతిరాత్రియు చుక్కలుగా కాగితముమీద గుర్తించుకొన్న దానినే నాలుగువందల ఏండ్ల పిమ్మట మనము కన్నులార చూచితిమి. ఆ నౌకలో గెలీలియోను, జూపిటరును, జూనోను పోలిన చిన్న అల్యూమినియపు బొమ్మలు మూడు పెట్టి పంపిరని విని సంతసించితిని.

గమ్యము చేరినంతమాత్రమున కష్టములు తీరలేదు. మొదట నౌక 53 దినముల కొకసారి గురుని చుట్టునట్లు నిలిచెను. అక్టోబరులో మఱల ఇంజను వెలిగించి దానిని 14 దినములకు తగ్గింపవలెనని సంకల్పము. కాని ఇంజనుకు చెందిన కవాటములు కొన్ని మందగించినవి. ఇంజను వెలిగించినచో నౌకకే ముప్పు రావచ్చునని తలచి, 2017 ఫిబ్రవరిలో శాస్త్రజ్ఞులు ఆ సంకల్పము మానుకొని, 53 దినముల కక్ష్యలోనే నౌకను ఉండనిచ్చిరి. దానివలన పని ఆలస్యమయ్యెనేగాని తగ్గలేదు. తొందరపడి ఉన్నదానిని పోగొట్టుకొనుటకంటె నెమ్మదిగా పనిచేయుట మేలని వారు నిశ్చయించిరి. పిదప ఆ నౌక పనికాలమును పొడిగించుచు వచ్చి, 2025 సెప్టెంబరువఱకు నిర్ణయించిరి.

ఆ నౌక తెచ్చిన ఫలములను సంగ్రహముగా చెప్పెదను. గురుని ఉత్తరధ్రువమున నడుమ నొక మహావాత్యయు, దానిచుట్టు ఎనిమిది వాత్యలును పద్మదళములవలె తీరియున్నవి. దక్షిణధ్రువమున నడుమ నొకటి, చుట్టు ఐదు కనబడినవి. మనము పైని చూచు చారలలోని గాలులు సుమారు 3,000 కిలోమీటర్ల లోతువఱకు వ్యాపించియున్నవి. నడిబొడ్డున గట్టి ముద్దయొకటి ఉండునని చాలమంది తలచిరి. అచ్చట భారమైన పదార్థము కలదుగాని, అది పాలలో కరగుచున్న బెల్లమువలె చుట్టునున్న హైడ్రోజనులో కలిసి విస్తరించియున్నట్లు తోచుచున్నది. దాని అయస్కాంత క్షేత్రము అనుకొన్నదానికంటె బలమైనది. 2023 డిసెంబరులోను, 2024 ఫిబ్రవరిలోను ఆ నౌక అయో చంద్రునికి సుమారు 1,500 కిలోమీటర్ల సమీపమునకు పోయి, దాని అగ్నిపర్వతములను చూచెను. రోమర్‌నకు వెలుగు వేగమును బోధించిన చంద్రుడే అది.

శ్రోతలారా! ఆ యుదయమునుగూర్చి తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆ పదుమూడు నిమిషములే స్ఫురించును. ఆ సమయమున మనుష్యులు చేయగలిగిన పని ఏదియు లేదు. ప్రార్థించినను, పరుగిడినను, ఆజ్ఞాపించినను నౌకకు చేరదు. అయినను నౌక నిలిచినది. నిలిపినది ఆనాటి వారి ఆరాటము కాదు. ఐదేండ్లకు ముందు ఒక మరను సరిగా బిగించినవాని చేయి, ఒక లెక్కను రెండవమాఱు సరిచూచినవాని కన్ను, ఒక ఆజ్ఞను పంపుటకు ముందు పదిమంది కలిసి చదివిన ఓపిక, ఇవియే ఆనాడు అక్కడ ఉండి పనిచేసినవి. దూరమునకు పంపిన పనికి మనము తోడు పోలేము. మన శ్రద్ధ మాత్రము తోడు పోవును.

ఈ మాఱు గురుడు కనబడు రాత్రి మీ పిల్లలను ఆరుబయటకు తీసికొనిపోయి ఆ గ్రహమును చూపుడు. దూరము తగ్గియున్నప్పుడు ముప్పదిమూడు నిమిషములకు, పెరిగియున్నప్పుడు ఏబదినాలుగు నిమిషములకు ముందు అక్కడ బయలుదేరిన వెలుగు వారి కంటిలో పడుచున్నదని చెప్పుడు. మంచి దుర్భిణి దొరకినచో ప్రక్కనే బిందువులవలె వరుసగా నున్న చంద్రులను కూడ చూడగలరు. ఒక్కొక్కనాడు నాలుగు కనబడును. ఒక్కొక్కనాడు ఒకటి తగ్గును. తగ్గినది ఎక్కడకు పోయినదని పిల్లలడిగినచో, అది గురుని వెనుకనో, ముందో, నీడలోనో ఉండునని చెప్పుడు. ఆ ప్రశ్ననే శ్రద్ధగా అడిగినవాడు రోమర్. ఆ ప్రశ్ననుండియే వెలుగు వేగము మనకు తెలిసినది. ఆ వేగము తెలిసియే నౌకకు ఆజ్ఞలు ముందుగా వ్రాసి పంపగలిగిరి.